మూడంగుళాలు తగ్గిన పైగది

మా పైగది వెడల్పు ఏడడుగుల తొమ్మిదంగుళాలు. దాన్ని ఆ కొలతకు తెచ్చింది నేనే. ఇప్పుడు వయసు మీద పడింది కాబట్టి, జరిగింది జరిగిన వరసలో రాసి ఉంచుతున్నాను.

బెంగాల్లోని లిలువాలో మాది ఒక్క అంతస్తు ఇల్లు. మొదట్లో పైన వాలు రేకులు, వాటి కింద వంగి నడవాల్సిన అటక మాత్రమే ఉండేవి. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన అక్క, అంటే మా వదిన, బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లులో పనిచేసేది. భర్త పోయాక, అతని పేరున మిల్లువాళ్లు ఇచ్చిన గది ఖాళీ చేయమన్నారు. ఆమె కోసమే అటకను గది చేద్దామనుకున్నాం.

ఆ రోజుల్లో మావాళ్లు ఇంటి పనికి మేస్త్రీని పిలిచేవారు కాదు. ఆదివారం వస్తే వర్క్‌షాపులోని శ్రీకాకుళం వాళ్లూ విజయనగరం వాళ్లూ కలిసి ఒకరింటికి వెళ్లి గోడ లేపేవారు. ఈ వారం మా ఇల్లు, పై వారం ఇంకొకరిది. మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు పెడితే చాలు. గడ్డర్లకు బదులు వేలంలో కొన్న పాత రైలు పట్టాలు వేశారు. ప్లాను గీయించాలని ఎవరికీ తోచలేదు. మాకు తోచింది ఒక్కటే, ఆయం చూడాలని.

గది పొడవునూ వెడల్పునూ గుణించి, దాన్ని తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఆయం. బేసి శేషం మంచిది, సరి శేషం చెడ్డది. ఏమీ మిగలకపోతే కాకాయం, అన్నిటికంటే చెడ్డది. నేను తెలుగు బడిలో లెక్కల టీచర్ని కాబట్టి ఆ పని నాకు అప్పగించారు.

మా ఆయన అటక నేలమీద ఉలితో గీసిన గది పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. తొంభై ఆరును తొమ్మిదితో హెచ్చవేస్తే ఎనిమిది వందల అరవై నాలుగు. ఎనిమిదితో నిశ్శేషంగా పోయింది.

"కాకేటి?" అన్నాడు పనివాళ్లలో పెద్దాయన, ఇటుక కింద పెట్టేసి. "మొగుడు పోయిన మడిసిని కాకిగూట్లో ఎడతావేటమ్మా? సరిగ్గా సూడు."

వెడల్పు మూడంగుళాలు తగ్గించి మళ్లీ లెక్క కట్టాను. తొంభై మూడు తొమ్మిదులు ఎనిమిది వందల ముప్ఫై ఏడు. శేషం అయిదు, వృషభాయం. అందరూ బాగుందన్నారు. మా ఆయన గీత కంటే మూడంగుళాలు లోపలికి గోడ కట్టారు. మూడంగుళాలు పెంచి ఉంటే ఏమయ్యేదో నేను చూడలేదు. జవాబు కుదిరాక మరో జవాబు వెతకడం నా అలవాటు కాదు.

వదిన ఆ గదిలో నలభై ఒక్క ఏళ్లు ఉంది. పద్దెనిమిది మెట్లు. మా ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె పైన, నేను కింద. మా ఇద్దరికీ పొసిగిందంటే ఆ పద్దెనిమిది మెట్ల వల్లే. ఆమెకు రేడియో గట్టిగా ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి, మధ్యాహ్నం చుట్ట కాల్చాలి. నాకు ఇవేవీ పడవు. "కింద నీ రాజ్యం, మీద నా రాజ్యం. మెట్లకాడ బోర్డరు," అనేది.

నిరుడు వానలకు మా వీధి చివర ఒక పాత ఇంటి పైగది పక్కకు ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ తర్వాత ప్లానులో లేని పైగదులున్న ఇళ్లన్నిటికీ మున్సిపాలిటీ నుంచి నోటీసులు వచ్చాయి. గదిని నిబంధనల ప్రకారం సరిచేసి కాగితాలు తీసుకోవాలి, లేదా పడగొట్టాలి.

లైసెన్సున్న ఒక బెంగాలీ సర్వేయరును పెట్టుకున్నాం. సౌమ్యుడు. నన్ను మాషిమా అనేవాడు, అంటే పిన్నిగారన్నమాట. పట్టాలను సుత్తితో కొట్టి చూసి, "మాషిమా, ఇవి మనందరి తర్వాత కూడా ఉంటాయి," అన్నాడు. తుప్పు పట్టిన ఒక కొసకు ఇనుప పలక వేయించాడు. మెట్లకు కమ్మీ పెట్టించాడు, కిటికీ పెద్దది చేయించాడు. చలికాలమంతా ఇంట్లో సిమెంటు దుమ్మే. వదిన మంచం మీద నుంచి దిగకుండా పనంతా చూసింది. కిటికీ పెద్దదైన రోజు మాత్రం నన్ను పైకి పిలిచి, "ఇప్పుడు షెడ్డు కాడ ఇంజనీలన్నీ అవుపడతన్నాయి. మీ ఆయన ఉంటే బాగుణ్ణు," అంది.

ఇక మిగిలింది ఒక్క కొలత. మనిషి నివసించే గది వెడల్పు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఆ నిబంధన సర్వేయరు చూపించిన రోజునే నేను లెక్క కట్టుకున్నాను. ఏడడుగుల తొమ్మిదంగుళాలంటే రెండు మీటర్ల ముప్ఫై ఆరు. నాలుగు సెంటీమీటర్లు తక్కువ. గోడ జరపడానికి లేదు, పట్టాలు దానిమీదే ఆనుకున్నాయి. సున్నం, పూత చెక్కినా రెండు సెంటీమీటర్లకు మించి రాదు. సర్వేయరు ఇవన్నీ విని, "నాకు వదిలేయండి మాషిమా," అన్నాడు. ఎలా అని నేను అడగలేదు.

తనిఖీకి ఆఫీసు నుంచి ఇంజనీరు ఒక గురువారం పొద్దున వచ్చాడు. గుమ్మంలో నిలబడి రాసుకుంటున్నాడు. సర్వేయరు టేపు పట్టాడు. మంచం అడ్డమని దాని మీదుగా, మధ్యలో కాస్త వేలాడేలా పట్టాడు. "రెండు నలభై," అన్నాడు.

"కాదు," అన్నాను నేను. "రెండు ముప్ఫై ఆరు. టేపు వదులుగా ఉంది, లాగి పట్టండి."

నేను కావాలని అనలేదు. ముప్ఫై నాలుగేళ్లు నల్లబల్ల ముందు నిలబడినదాన్ని. తప్పు చెవిన పడగానే నోరు దానంతట అదే తెరుచుకుంది. సర్వేయరు నా వైపు చూడలేదు. ఇంజనీరు కలం ఆపి, టేపు రెండో కొస తనే పట్టుకుని లాగాడు. రెండు ముప్ఫై ఆరు.

వాళ్లు మాట్లాడుకున్నది బెంగాలీలో. అన్నేళ్లు మిల్లులో పనిచేసిన వదినకు అదంతా అర్థమైంది. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, "మార్కులేసినావా?" అంది.

గది నిలిచింది. సామాన్ల గదిగా కాగితం ఇచ్చారు. అందులో ఎవరూ నివసించబోరని ఇంటి యజమాని సంతకం చేయాలి. చేశాను.

"సంతకం కాగితానికి. నాను పడుకుంటే ఎవుడొచ్చి సూస్తాడు?" అంది వదిన.

"నేను సంతకం పెట్టాను కదా వదినా."

"పెట్టినావు. నీ సంతకానికి నా కాళ్లు దిగాలి."

ఆమె దిగిన రోజు ఆదివారం. పద్దెనిమిది మెట్లకూ ఇరవై నిమిషాలు పట్టింది, కొత్త కమ్మీ పట్టుకుని. మంచం, రేడియో, చుట్టల డబ్బా కింది గదిలోకి వచ్చాయి. వచ్చిన దగ్గర్నుంచి ఆమె రేడియో పెట్టలేదు. పెట్టమన్నాను, తలనొప్పి అంది. చుట్ట కూడా మానేసింది. కింది గది కిటికీ పక్కింటి గోడ వైపు ఉంది.

ఆ వారంలోనే సామాన్లు సర్దడానికి పైకి వెళ్లాను. గోడ అవతలి గట్టు మీద పూలకుండీలు జరిపితే ఉలి గీత కనిపించింది. మా ఆయన మొదట గీసిన ఎనిమిదడుగుల గీత. అక్కడే కూర్చుని, నలభై ఒక్క ఏళ్ల కిందట చేయని లెక్క చేశాను. వెడల్పు ఎనిమిదడుగుల మూడంగుళాలైతే తొంభై తొమ్మిది తొమ్మిదులు ఎనిమిది వందల తొంభై ఒకటి. శేషం మూడు, సింహాయం. అదీ మంచిదే. గట్టు మీద చోటు కూడా ఉంది. కొలిచాను.

మొన్న అన్నం తింటూ వదిన ఉన్నట్టుండి అడిగింది. "ఈ కిందగదికి ఆయం సూసినావేటి?"

చూశాను. ఆమె దిగిన మర్నాడే చూశాను. పదకొండడుగులు, పదడుగులు. నూట పది తొమ్మిదులు తొమ్మిది వందల తొంభై. శేషం ఆరు, ఖరాయం. గాడిద.

"చూశాను వదినా. ఏడు వచ్చింది, గజాయం."

"ఏనుగేటి," అంది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు పెట్టింది. "ఏనుక్కి ఇరుకమ్మా ఈ గది."

నేను కంచాలు తీసి కడగడానికి వెళ్లాను.