అమ్మా నేనూ ఒకే ఏడాది మెట్రిక్

మా అమ్మ గౌరీశ్వరి పార్వతీపురం దగ్గర పల్లెలో ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. పెళ్లయి ఒడిశాలోని రాయగడ వచ్చాక, దుకాణాల బోర్డులు చూసి ఒడియా అక్షరాలు పట్టుకుంది. నాన్న కన్నారావు మునిసిపాలిటీలో వీధి దీపాలు చూసేవాడు. అమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా.

నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాది, ఆ తరగతి చివరి పరీక్ష మెట్రిక్ పాసైతే వార్డులో మంచి పని ఇప్పిస్తానని ఆసుపత్రిలోని పెద్ద నర్సు అమ్మతో అంది. ఆ వారంలోనే అమ్మ ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుంది.

నాన్న నవ్వాడు. "తల్లీ కూతుళ్లు ఒకే పుస్తకం సదువుతారేటి?"

"ఒకే కంచంలో తిన్నోళ్లం. ఒకే పుస్తకం సదవనేమా?" అంది అమ్మ.

తెల్లవారుతూనే వెనక గుమ్మం మీద కూర్చునేవాళ్లం. కొండ మీంచి మంచు ఇంకా దిగుతుండేది. పొయ్యి మీద రాగి జావ ఉడుకుతుండేది. నేను కళ్లు మూసుకుని పాఠం గడగడా ఒడియాలో అప్పజెప్పేదాన్ని. ఒక రోజు అమ్మ మధ్యలో ఆపింది.

"అంటే ఏటమ్మీ?"

"పుస్తకంలో అలగే ఉందమ్మా."

"ఉంటే ఉంది. నాకు మన మాటల్లో సెప్పు."

మొక్క ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో నాకు కంఠతా వచ్చు, అర్థం మాత్రం తెలియదు. పెరట్లో గుమ్మడాకు చూపించి, ఎండ చూపించి, తడబడుతూ చెప్పాను.

"అయితే ఆకే దాని వంటిల్లన్నమాట," అంది అమ్మ.

ఆ రోజు నుంచి అమ్మకు చెప్పలేని పాఠం నాకు రానట్టే లెక్క. ముందు పుస్తకం మూసి నిన్నటిది చెప్పాలి, తర్వాతే కొత్తది.

ఆదివారాలు పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ రాసేవాళ్లం. అమ్మ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయేది.

"రాని దాని దగ్గర కూకుంటే వచ్చినవి కూడా పోతాయమ్మా. దాటీసి ఎల్లు," అని పోరేదాన్ని.

లెక్కల పరీక్ష రోజు నాది అవ్వగానే అమ్మ సెంటరుకి పరుగెత్తాను. అమ్మ తెల్లబోయిన మొహంతో బయటికి వచ్చింది.

"మొదటి లెక్క రానేదమ్మీ. నువ్వు సెప్పినట్టే దాటీసేను."

"మంచిపని సేసేవు."

"దాటుకుంటూ ఎల్తే ఆఖరి పేజీ వచ్చీసింది!"

గేటు దగ్గరే ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే అమ్మ కళ్లు తుడుచుకుంది.

నేను పాసయ్యాను. అమ్మ అన్నీ పాసయి లెక్కల్లో తప్పింది. నా కోసం వీధంతా మిఠాయి పంచి వచ్చి, చాటుగా ఏడ్చింది.

నేను కాలేజీలో చేరాక కూడా అమ్మకు లెక్కలు చెప్పాను. కానీ ఈసారి చేసి చూపించడం మానేశాను. చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. అమ్మ సుద్దముక్కతో గచ్చు మీద తనే చేసేది. తప్పితే చెరిపి మళ్లీ చేసేది. నేను నోరు మెదిపేదాన్ని కాదు, అదే కష్టంగా ఉండేది. మరుసటి పరీక్షకి గట్టెక్కింది.

నర్సు మాట నిలబెట్టుకుంది. వార్డులో చేరిన రోజు అమ్మ తన పేరున్న బిళ్ల చీరకు పెట్టుకుని వచ్చి, అన్నం తింటున్నా తియ్యలేదు.

ఇప్పుడు నేను కొరాపుట్‌లో నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వేకువన హాస్టల్లోంచి చదువుల గోల వినిపిస్తే పని ఆపి కాసేపు నిలబడతాను. ఆ మెట్రిక్ తర్వాత నేను రాసిన పరీక్షలన్నీ ఒంటరిగా రాసినవే. మార్కులు ఎక్కువే వచ్చాయి గానీ, ఏ పరీక్ష గేటు దగ్గరా మళ్లీ అంతగా నవ్వలేదు.