మేము ఊడ్చిన దవాఖాన

మొన్న పొద్దున మా మనవరాలు టీవీలో ఛానళ్ళు మారుస్తుంటే శాసనసభ వచ్చింది. సభ్యుడొకాయన లేచి, ఫలానా ఊరి ఆసుపత్రిలో డాక్టరు లేడన్న మాట వాస్తవమేనా, వాస్తవమైతే ఎప్పటికి వేస్తారు అని అడిగాడు. మంత్రి కళ్ళద్దాలు సర్దుకుని, చేతిలో కాగితం చూసి, కాదండీ అధ్యక్షా, కనుక రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు అని చదివి కూర్చున్నాడు. నా పక్కన చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా తోటికోడలు చేతిలోని కాయను గంపలో పడేసి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఈమెకు ఏమైందని మనవరాలు నా మొహం చూసింది. ఏం చెప్పను? ఆ మాటలే ఒకప్పుడు కాగితం మీద అచ్చయి మా ఇంటికి వచ్చాయని ఈ ఇంట్లో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. నా ఈడు వాళ్ళకైనా చెప్పుకుందామని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

ఎనభైల చివరి సంగతి. మా ఊరు ఆర్మూరు నుంచి మోర్తాడు పోయే దిక్కున ఉంటుంది. పసుపు, మక్కజొన్న తప్ప వేరే ధ్యాస లేని ఊరు, మగవాళ్ళలో సగంమంది అప్పటికే గల్ఫు దారి పట్టారు. మా మరిది కూడా మస్కట్ పోయాడు. పోయే నాడు పెట్టె చేతిలో పట్టుకుని, "వదినా, దీన్ని నీ చేతుల పెట్టి పోతున్న, నువ్వే దీనికి తల్లివి" అన్నాడు. దీన్ని అంటే మా తోటికోడల్ని. పెళ్ళయిన ఆరేళ్ళకు నెల తప్పింది, అతను విమానమెక్కే నాటికి రెండో నెల.

ఊళ్ళో దవాఖాన ఉండేది. రెండు గదులు, ముందు సిమెంటు గచ్చు, బోర్డు. లోపల ఒక ఇనుప మంచం, దానికి ఒక కాలు లేదు. నర్సమ్మ బదిలీ మీద పోయి ఎన్నేళ్ళయిందో లెక్క లేదు. ఆర్మూరు నుంచి వారానికి రెండు నాళ్ళు కాంపౌండరు వచ్చి ఎర్ర మందు, తెల్ల గోళీలు ఇచ్చి పోయేవాడు. ఊడ్చే పని చేసే సాయిబుల ముసలామెను ఊళ్ళో అందరం ఖాలా, అంటే చిన్నమ్మ, అనే పిలిచేవాళ్ళం. సిమెంటు గచ్చు మా ఊళ్ళో మరెక్కడా లేదు కాబట్టి కాలానికొకరు మక్కలో, మిరపకాయలో అక్కడ ఎండపోసుకునేవారు. దవాఖాన వల్ల మాకు నిజంగా అందిన లాభం అదొక్కటే.

మా ఇంటాయన, మరో నలుగురు పెద్దమనుషులు కలిసి ఆర్మూరులో మా ఎమ్మెల్యే గారి ఇంటికి పోయి మొరపెట్టుకున్నారు. ఆయన ప్రతిపక్షం మనిషి. అంతా విని, దీన్ని సభలోనే అడుగుతాను, అక్కడ అడిగితే సర్కారు జవాబు చెప్పక తప్పదు అన్నాడట. మా ఆయన ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన తీరు నాకింకా కళ్ళ ముందే ఉంది. మా ఊరి పేరు హైదరాబాదులో అంతమంది ముందర పలుకుతారనే సంబరంలో చెప్పులు విప్పకుండానే వాకిట్లోకి వచ్చాడు, నేను కసిరాను.

మక్కలు ఎండే రోజుల్లో కబురు వచ్చింది, ఎల్లుండి పెద్ద ఆఫీసరు వచ్చి దవాఖాన చూసి, జవాబుకు కావలసిన రిపోర్టు రాసుకుపోతాడని.

మా దిక్కు ఒక ఆనవాయితీ ఉంది. పిల్లను చూసుకోవడానికి ఎవరైనా వస్తున్నారంటే పక్కింటి మంచం, ఎదురింటి గ్లాసులు, ఇంకొకరింటి కొత్త దుప్పటి, అన్నీ ఆ ఇంటికి చేరిపోతాయి. ఎవరూ దాన్ని మోసం అనుకోరు. చూడవచ్చిన వాళ్ళ ఇంట్లోనూ అదే జరుగుతుంది గనుక అందులో ఎంత నిజమో వాళ్ళకూ తెలుసు. ఆఫీసరు వస్తున్నాడనగానే నాకు తోచింది ఆ ఒక్క పద్ధతే. నేను ముందు నడిచాను, వాడంతా నా వెనక నడిచింది. గచ్చు మీది మక్కలు ఎత్తించాను. గోడలకు సున్నం వేయించాను. అలుకు జల్లి ముగ్గు పెట్టించి, గడపకు మా చేని పసుపే రాశాను. విరిగిన ఇనుప మంచాన్ని వెనకకు తోసి, మా ఇంటి నవారు మంచాలు రెండు, వాడలోవి నాలుగు వేయించాను. సబ్బు బిళ్ళ అరిగి ఆకులా పల్చబడ్డా ఆ ముక్కను కొత్త బిళ్ళకు అతికించి వాడేదాన్ని నేను, అలాంటిది పెట్టెలో వేపాకు వేసి దాచిన దుప్పట్లు ఆ రోజు నా చేతులతో తీసి పరిచాను. మూలకు నీళ్ళ రంజను, దాని మీద లోటా. ఖాలా చీర చిరుగులు చూడలేక మా అత్తగారి తెల్లచీర కట్టించాను. ఖాలా తనను తాను చూసుకుని, "అరె బేటీ, ఇగ నేను నర్సమ్మను గాదు, నర్సమ్మకు అత్తను!" అంటే అందరం కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వనిది మా తోటికోడలు ఒక్కతే. అప్పటికి ఐదో నెల, గడపలో కూర్చుని ముగ్గు గిన్నె పట్టుకుని ఉంది.

"అక్కా, మనం గిట్ల ఇల్లు సదిరినట్టు సదిరితే, గాయినకు ఏం కనవడతది?"

"నోర్మూస్కో" అన్నాను. "పట్నపాయినకు మన గలీజు సూపెడ్తమా? ఊరి ఇజ్జత్ పోతది."

నాకెదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆఫీసరు జీపు దిగి, చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చాడు. మంచాలు చూశాడు, రంజను మూత తీసి చూశాడు, ఖాలాను చూపించి ఈమె ఎవరని అడిగాడు. ఇక్కడ పనిచేసే ఆమే సార్ అన్నాడు కాంపౌండరు. మా ఆయన చేతులు కట్టుకుని, "మాకు నర్సమ్మ గావాలె సార్" అంటే, రాస్తానయ్యా రాస్తాను అని పెన్ను తీశాడు. ఆ రోజు అక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. నేనిచ్చిన చాయ్ తాగి, నావైపు తిరిగి, "జిల్లాలో ఇంత శుభ్రమైన దవాఖాన నేను చూడలేదమ్మా" అన్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఆ పొంగును తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వారం పోయాక మంచాలు తెచ్చుకుందామని పోతే, ప్రతి మంచం కోడు మీదా తెల్లరంగుతో అంకె వేసి ఉంది. కాంపౌండరు నాకు దండం పెట్టినంత పని చేశాడు. "గవి సర్కారు లిస్టుల ఎక్కినయమ్మా, తీస్కపోతే నా నౌకరి పోతది." దుప్పట్లు మాత్రం గుంజుకుని వచ్చాను. ఊరంతా నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను. అప్పుడైనా నాకు అర్థం కాలేదు.

పసుపు తవ్వకాలకు ముందు ఎమ్మెల్యే గారి ఇంటి నుంచి మా ఆయన ఒక కాగితం తెచ్చాడు. నేనే కూడబలుక్కుని చదివాను. ఫలానా గ్రామంలోని దవాఖానలో నర్సు, మంచాలు, మంచినీరు లేని మాట వాస్తవమేనా? కాదండీ. అయితే ఎప్పటిలోగా ఏర్పాటు చేస్తారు? ప్రశ్న ఉత్పన్నం కాదు. మా ప్రశ్న వంతు వచ్చేలోపు సభలో సమయం అయిపోయి, జవాబును అచ్చులోనే ఇచ్చేశారట. ఎమ్మెల్యే గారు లేచి ఇంకొక్క మాట అడగడానికి కూడా లేకపోయింది. మా ఊరి పేరు ఎవరూ పలకలేదు, అచ్చులో మాత్రం ఉంది. ఉత్పన్నం అంటే ఏమిటని నేనడిగితే మా ఆయన, "లేనిది అడిగితే గద జవాబు. అన్నీ ఉన్నయని సూపెడ్తిమి" అని కాగితం మడిచి దూలం సందులో పెట్టాడు.

పసుపు ఉడకబెట్టే రోజులు. చేన్లల్లో కడాయిలు పొగలు కక్కుతున్నాయి, ఊరి జనమంతా అక్కడే. నడిమధ్యాహ్నం తోటికోడలికి నొప్పులు వచ్చాయి. ఊళ్ళో కాన్పులు కూడా చూసే ఖాలా వచ్చి కడుపు మీద చెయ్యేసి, "బిడ్డ అడ్డం తిరిగింది బేటీ, గిది నాతోని గాదు, దవాఖానకు పోండి" అంది. దవాఖానలోనే పనిచేసే మనిషి అనవలసి వచ్చిన మాట అది. ఏ దవాఖానకు? మా దవాఖాన తలుపుకు తాళం ఉంది. తాళం పగలగొట్టి నా మంచమే బయటికి లాగి, దాని మీద ఆమెను పడుకోబెట్టి, పచ్చి పసుపు కొమ్ములు దింపేసిన ట్రాక్టరు డబ్బాలో ఎక్కించాం. నిజామాబాదు దాకా ఆమె నా మణికట్టు వదలలేదు. పెద్దాసుపత్రిలో ఆమెను బతికించారు. మగబిడ్డ. ఏడవలేదు. గర్భసంచీ కూడా తీసేశారు. అక్కడి నర్సమ్మ చేతులు కడుక్కుంటూ, "ఇంత ఆలస్యమా, మీ ఊర్ల నర్సు లేదా?" అని అడిగింది. సర్కారు కాగితం ప్రకారం ఉంది.

మంచం మాతోపాటే ఇంటికి వచ్చింది. అది సర్కారుదని ఎవరూ అడగడానికి రాలేదు.

మరిది రెండేళ్ళకు వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది. ఇప్పుడు మగవాళ్ళిద్దరూ లేరు. ఆర్మూరులో నా కొడుకు ఇంట్లో మేమిద్దరం ఒకే గదిలో పడుకుంటాం. ఆమె నాకు వేడినీళ్ళు పెడుతుంది, కాళ్ళు పిసుకుతుంది, ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు.

కాలం మారిందంటారు, మారింది. మా ఊరి దవాఖానకు బండలు పరిచారు, నర్సమ్మ ఉంది, ఫోను చేస్తే బండి వస్తుంది. గచ్చు మీద ఎవరినీ మక్కలు పోయనివ్వరు. సభలో అడిగేవాళ్ళను, చెప్పేవాళ్ళను ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. కానీ పోయిన ఏడు బీపీ గోళీలకని ఇక్కడి దవాఖానకు పోతే, ఎవరో పెద్దసారు వస్తున్నాడని ఆయాలు హడావుడిగా కొత్త దుప్పట్లు పరుస్తున్నారు, పాత చీరల ముసలమ్మలను వెనక వరండాలోకి పొమ్మన్నారు. నేను కదలలేదు. ఆ మొండితనం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

మొన్న తోటికోడలి వెనకాలే నేనూ పెరట్లోకి వెళ్ళాను. మాతోపాటు ఆర్మూరుకు వచ్చిన ఆ పాత మంచం మీద కూర్చుని ఉంది. దాని కోడు మీది తెల్ల అంకెను నేను ఎన్నిసార్లు గీకినా పూర్తిగా పోలేదు. ఆమె జరిగి చోటిస్తే పక్కన కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా ఆ మంత్రిని, ఆ ఆఫీసరును తిట్టుకుంటూ బతికాను. అడగవలసిన ప్రశ్న శాసనసభలో కంటే ముందు మా దవాఖాన గడపలో, ముగ్గు గిన్నె పట్టుకుని, ఈమె అడిగింది. నోర్మూస్కో అన్నది నేను. ఆ మాట ఇప్పుడైనా ఆమెతో చెబుదామని నోరు తెరిచాను. ఆమె, "చిక్కుడుకాయ తీసుడు ఇంక ఒడవలే, పదక్కా" అని లేచింది.