మేడమ్మ వేసిన నాలుగు చాళ్ళు

చదివేవాళ్ళందరూ కులాసాయే కదా? మేడమ్మగారి ఆయనకి బీపీ మాత్రలు వేళకి ఎవరైనా ఇస్తున్నారా? వాళ్ళత్తగారి మోకాళ్ళ వాపు తీసిందా? ఆవిడ దగ్గర పరిశోధన చేసే పిల్లలు సరిగ్గా తింటున్నారో లేదో. నా సంగతంటారా, గుండెదడ ఎప్పుడూ ఉన్నదే.

పోయిన శుక్రవారం ఆనందపురం జంక్షన్లో బీరకాయలు అమ్ముతుంటే, ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఫోన్ చేసి "మేడం ఇక లేరు మామ్మగారూ" అంది. అరకిలో అడిగినామెకి కిలో తూచి ఇచ్చేసి, తట్ట సర్దుకుని ఇంటికొచ్చేశాను.

మేడమ్మ మట్టిని చదివే శాస్త్రవేత్త. రెండేళ్ళ కిందట పట్నంలో సీతమ్మధార నుంచి బస్సెక్కి, గొడుగేసుకుని మా చేలోకి వచ్చారు. ఎవరో మా భూమి కొలుచుకుపోవడానికి వచ్చారని హడలిపోయి, పట్టా కాగితం బియ్యం డబ్బాలో దాచేశాను. ఆవిడ అడిగింది నాలుగు చాళ్ళే. వేరుశెనగ వేస్తారట, యూరియా వేయకూడదట.

వేళ్ళకి ఆవగింజంత బుడిపెలు కడతాయని, వాటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులుంటాయని చెప్పారు. "అవి గాలిలోని నత్రజనిని వండి మొక్కకి పెడతాయి పెద్దమ్మా. మొక్క వాటికి తీపి పెడుతుంది." విత్తనాలకి బెల్లం నీళ్ళు పట్టించి, అందులో ఆ జీవులున్న నల్లటి పొడి కలిపి నీడన ఆరబెట్టారు. నాకు చీమల బెంగ పట్టుకుంది.

"సీమలు అట్టుకుపోతే ఏటి సేస్తావమ్మా?"

"చీమల బెంగ మీరు పడండి, మొక్కల బెంగ నేను పడతాను. సగం సగం," అన్నారు నవ్వుతూ.

తప్పు నేనే చేశాను. మొదటి ఏడు, ఇరవై రోజుల మొక్కలు కామెర్లొచ్చిన పిల్లల్లా పసుపెక్కాయి. పక్క చాళ్ళు పచ్చగా ఉంటే ఇవి చూడలేకపోయాను. మా అబ్బాయి బస్తాలోంచి యూరియా కొంగులో పోసుకెళ్ళి, ఆ నాలుగు చాళ్ళకీ చల్లేశాను. ఎవరికీ చెప్పలేదు.

మేడమ్మ వచ్చి మొక్క పీకారు. వేరు నున్నగా ఉంది. ఇంకోటి పీకారు, అదీ అంతే. నా వైపు చూశారు.

"నానే," అన్నాను. "ఆకలేసినట్టున్నాయి తల్లీ. పసుపెక్కిపోనాయి గదా."

"బయటినుంచి తిండి దొరికితే మొక్క బుడిపెల్ని పిలవదు పెద్దమ్మా," అని గట్టు మీద కూర్చుండిపోయారు. ఆవిడ ఏడాది కష్టం పోయింది. తిడతారని చూశాను. టిఫిను డబ్బా తీసి, గోంగూర కలిపిన అన్నంలో సగం నా చేతిలో పెట్టారు. తరవాత నోటుబుక్కులో ఏదో రాస్తుంటే ఏమిటని అడిగాను. "పంట చెడడానికి కారణం, పెద్దమ్మ జాలి," అని చదివి వినిపించారు. నేను ఏడుస్తుంటే ఆవిడకి నవ్వు ఆగలేదు.

రెండో ఏడు ఆవిడకి జబ్బు చేసి, పంటే వేయలేదు. ఈ ఏడు లేని ఓపిక తెచ్చుకుని వచ్చి విత్తారు. నెల తిరక్కుండా ఆస్పత్రిలో చేరారు. అక్కణ్ణుంచే ఫోన్.

"పసుపెక్కాయా?"

"ఎక్కినాయమ్మా. నాను సూడలేకపోతన్నాను."

"మరి చూడకండి. పొలానికి వీపు పెట్టి కూర్చోండి."

అదే ఆఖరి మాట.

మొన్న మావాడు యూరియా పట్టుకుని వచ్చాడు. "ఆయమ్మ పోనాది గదేటే, ఇంకెవలి కోసం ఈటి కడుపు మాడ్సడం?" అన్నాడు. చాళ్ళకి అడ్డం నిలబడ్డాను. "మీ అయ్య మాటకే తగ్గనేదురా నాను, నీ మాటకి తగ్గుతానేటి?" అన్నాను. బస్తా ఎత్తుకుని గొణుక్కుంటూ పోయాడు.

వేళ్ళకి బుడిపెలు కట్టాయో లేదో నాకు తెలీదు. కట్టకపోతే ఆవిడ చివరి పంటా వట్టిదే. ఒక్క మొక్క పీకితే తెలిసిపోతుంది. పీకలేదు, అవి లెక్కపెట్టి వేసినవి. నిన్న పొద్దున్న చూస్తే కొత్త చిగుళ్ళు ముదురాకుపచ్చగా ఉన్నాయి. వెంటనే ఆవిడకే ఫోన్ చేయబోయి ఆగాను.

మొక్క తవ్వితే వేరు తెగకుండా రావాలంటే ముందురోజు సాయంత్రం నేల తడపాలట. మంగళవారం తడుపుతాను. ఫోన్ చేసిన ఆ అమ్మాయీ, ఈ పొలం ఎప్పుడూ చూడని మేడమ్మగారి ఆయనా బుధవారం పొద్దున్న ఏడింటికి తవ్వి బుడిపెలు చూడడానికి వస్తున్నారు.