మావయ్యా నేనూ కట్టిన పొగగది

పెళ్లయిన కొత్తలో, అంటే చేతులకి గోరింటాకు వెలిసిపోయినా కొత్తకోడలన్న పేరు ఇంకా వెలవని రోజుల్లో, ఫోన్లో వీడియో చూస్తే రాని విద్యంటూ ఉండదని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకంతోనే ఒకసారి మా ఆయన జుట్టు కత్తిరించాను. ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన టోపీ లేకుండా పడవెక్కలేదు.) మాది నెల్లిమర్ల దగ్గర వరి పండించుకునే ఇల్లు. మా ఆయనది శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డున చేపల ఇల్లు. కాలేజీలో ఒకరినొకరు చూసుకుని, రెండిళ్లవాళ్లకీ కొన్నాళ్లు అన్నం సయించకుండా చేసి, చివరికి అందరిచేతా అక్షింతలు వేయించుకున్నాం. మా అత్త నన్ను పల్లెత్తు మాట అనేది కాదు. కానీ పొలం ఇంటి పిల్ల ఈ నీచు వాసనలో ఎన్నాళ్లుంటుంది, ఇవాళో రేపో కొడుకుని తీసుకుపోయి వేరు కాపురం పెట్టేస్తుందని ఆవిడకి లోలోపల బెంగ. నేను గోడవతలే ఉన్నానని తెలియక, ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషితోనూ ఆ బెంగ చెప్పుకునేది. అందుకని ఆవిడ మెచ్చే పని ఒక్కటైనా చేసి చూపించాలని నాకు పంతం.

ఆ ఏడు ముసురు పట్టిందంటే వదల్లేదు. ఇసకలో ఆరబోసిన కవళ్ల చేపలు ఎండక, కుళ్లిపోయి, గంపలకి గంపలు పారబోశాం. ఎండు చేపలమ్మే మా అత్త ఖాళీ గంప పక్కన పెట్టుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చునేది. సరిగ్గా అప్పుడే నాకు ఫోన్లో ఒక గడ్డమాయన దొరికాడు. ఎక్కడో మంచు కురిసే దేశంలో, పాత చెక్కలతో బీరువా అంత గది కట్టి, అందులో చేపలు వేలాడదీసి, కింద పొగ పెడుతున్నాడు. ఎండతో పనే లేదు. అత్తకి ముందే చెబితే నవ్వుతుందని, ఆవిడ చెల్లెలి మనవరాలి బారసాలకి వారం ముందే కళింగపట్నం వెళ్లేదాకా ఆగి, వెళ్లగానే మావయ్యకి చూపించాను. మోకాళ్ల నొప్పులతో పడవ మానేశాక మావయ్యకి పొద్దుపోక, బాగానే ఉన్న కుర్చీలని విప్పి మళ్లీ బిగిస్తున్న రోజులవి. వీడియో రెండుసార్లు చూసి, ఈడికి మేకు కొట్టడం రాదన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

అరసవల్లి రోడ్డులో ఒక టైల్స్ కొట్టు వెనకాల, టైల్స్ పెట్టెల కింద వచ్చే చెక్క చట్రాలు (ప్యాలెట్లంటారు) వానకి నానుతూ పడున్నాయి. తీసుకుపోతే జాగా ఖాళీ అవుతుందని కొట్టాయన సంతోషించాడు. వాటిని లగేజీ ఆటోలో వేసుకొస్తుంటే దారిలో అడిగినవాళ్లందరికీ మావయ్య "మా కోడలు ఇల్లు కడతన్నాది" అని నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు ఆటోలోనే ఉండిపోయింది, మాట మాత్రం ఊరంతా తిరిగింది.

ప్యాలెట్ విప్పడం వీడియోలో చూసినంత సులువు కాదు. మేకులు ఊడిరావు, చెక్కలు విరిగొస్తాయి. చివరికి విప్పడం మానేసి నాలుగు ప్యాలెట్లని నిలబెట్టి, ఇవే గోడలనుకున్నాం. సందులన్నిటికీ బంకమట్టీ ఊకా కలిపి మెత్తాం. (మట్టిపని కాబట్టి రైతుబిడ్డనని నేను కాస్త విర్రవీగాను.) పైన పాత రేకు. గుమ్మం కొలతల్లో ఎవరి లెక్క తప్పిందో గానీ, లోపలికి పాకుతూ వెళ్లాల్సి వచ్చింది. గది మొత్తం సముద్రం వైపు ఒరిగింది. ఎదురుగాలికి అదే ఆనుకుంటుందిలే అన్నారు మావయ్య.

మా ఆయన తెచ్చిన కానాగంత చేపలకి ఉప్పు పట్టించి, తోకలకి తాళ్లు కట్టి వేలాడదీశాం. కింద కొబ్బరి డొక్కలు రాజేశాం. పొగ బ్రహ్మాండంగా వచ్చింది. కాసేపటికి లోపల్నుంచి టప్పు టప్పున చప్పుడు. వేడికి మెత్తబడిన చేపలు తోకలు తాళ్లకే వదిలేసి నిప్పుల్లోకి దూకుతున్నాయి. వాటిని కాపాడ్డానికి పట్టకారుతో మావయ్య లోపలికి పాకారు. నేను గుమ్మం ముందు కూర్చుని చేటతో విసురుతున్నాను. అప్పుడు వచ్చింది మా అత్త. కోడలు ఇల్లు కట్టి పొయ్యి కూడా వెలిగించిందని పక్కింటావిడ ఫోన్ చేస్తే, బారసాల భోజనం కూడా చెయ్యకుండా బయల్దేరిందట. వచ్చేసరికి పెరట్లో కొత్త గది, పైనుంచి పొగ, ముందు నేను. లోపల్నుంచి తన మొగుడి గొంతు, "ఉప్పు సరిపోయినాది కోడలా" అంటూ.

 అత్త పిలిస్తే పడవల్లో ఉన్నవాళ్లకి వినపడుతుంది, అలాంటి మనిషి సంచీ ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడిపోయింది. మెల్లిగా అంది.

"ఏరుగా పోవాలని ఉందని సెప్తే నానే గిన్నెలిచ్చి పంపుదును గదే. మీ మావని కూడా అట్టుకుపోతన్నావేటి?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈలోగా మావయ్య ఒళ్లంతా మసితో, చేతిలో చేపతో, వెనక్కి పాకుతూ బయటికొచ్చారు. ముసురూ, కుళ్లిన కవళ్లూ, ఖాళీ గంపా, గడ్డమాయనా, అన్నీ కలిపి గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. అత్త మధ్యలో కళ్లు తుడుచుకుంది (పొగ అనుకున్నాను). లేచొచ్చి, వంగి లోపలికి చూసి, మావయ్య చేతిలో చేప తీసుకుని, బూడిద దులిపి నోట్లో పెట్టుకుంది. నములుతూనే నా వైపు తిరిగింది.

"ఏరే పొయ్యి కాదు గదా?"

"కాదత్తా."

"అలాగైతే గుమ్మం పెద్దది సెయ్యండి. నాను పట్టొద్దా?"

చేశాం. తోకలకి కట్టడం మానేసి పాత వలముక్క మీద పరిచాం. ఆ వానాకాలమంతా వీధిలో సగంమంది పొగకి తిట్టారు, మిగతా సగం తమ చేపలు కూడా పెట్టమని తెచ్చారు. తర్వాత ఒక పెద్దగాలికి రేకుతో సహా అంతా కూలిపోయింది. మావయ్యే అందరికన్నా ఎక్కువ దిగులుపడ్డారు.

ఇప్పుడు నాకు ఏ వీడియో అయినా సగం చూసేసరికి నిద్రొస్తుంది. అప్పుడప్పుడూ మాత్రం, చేతినిండా పేళ్లు గుచ్చుకున్నా ఆ చెక్కలన్నీ మోసిన పిల్ల గుర్తొస్తుంది. ఎదురుపడితే, అంత ఆరాటం అక్కర్లేదే, వెళ్లిపోతావేమోనని బెంగపడే మనిషి నిన్నెప్పుడో తన మనిషనుకుంది అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. మళ్లీ ఆగిపోతాను. చెబితే పొగగది కట్టదు.