పుల్లీకి పెట్టిన బొట్టు

మా పాత డీజిల్ కారు కీచుమంటోందని మొదట కనిపెట్టింది మా ఆవిడ. పన్నెండేళ్లుగా దాన్ని నడుపుతున్న నాకు ఆ చప్పుడు వినిపించలేదని కాదు. వయసు మీద పడ్డ బండి, ఆ మాత్రం మూలుగుతుందిలే అని ఊరుకున్నాను. ఆవిడ కారు నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి ఐదు నెలలు దాటింది. లెక్కల టీచరు కదా, కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మకం. "ఎవరికైనా చూపించండి" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తల ఊపాను. ఆదివారం పొద్దున గేటు కూడా దాటకముందే ఇంజిన్ ఆగిపోయింది.

మామూలు రోజులైతే అంత కంగారు ఉండేది కాదు. బుధవారం నందిగామలో ఆవిడకి డ్రైవింగ్ టెస్టు. మొదటిసారి డ్రైవింగ్ స్కూలు వాళ్ల చిన్న కారులో వెళ్లి, రివర్సు చేస్తూ అక్కడ పాతిన కర్రను పడగొట్టి వచ్చింది. ఈసారి చేతికి అలవాటైన మన కారుతోనే వెళ్తానని పట్టుబట్టింది. ఎల్‌ఎల్‌ఆర్ గడువేమో గురువారంతో సరి.

"ఈసారి పోతే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదండీ. ఇంక స్టీరింగ్ ముట్టుకోను" అంది.

ఆవిడ అన్నదంటే అన్నట్టే. పెళ్లయిన కొత్తలో ఒకసారి నేను వంకాయ కూరకి వంక పెట్టాను. ఇప్పటికీ మా ఇంట్లో వంకాయ వండరు.

ఇక్కడ నా సంగతి కూడా కొంత చెప్పాలి. నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఆవిడకి ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ఇల్లు జగ్గయ్యపేటలో, ఆవిడ స్కూలు వత్సవాయిలో. పొద్దున దింపిరావడం, సాయంత్రం తీసుకురావడం నా పని. దింపాక అక్కడే టీ కొట్టు దగ్గర కూర్చుంటే, పత్తికి ఏ మందు కొట్టాలని నన్ను ఇంకా అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురుండేవారు. నేను చెప్పింది విని, తర్వాత మందుల కొట్టువాడు చెప్పింది కొనుక్కునేవారు. అయినా అడిగేవారు. ఆవిడకి లైసెన్సు వస్తే ఈ కాస్త ఉద్యోగమూ ఊడుతుందని నాకు లోపల గుబులుగా ఉండేది. పైకి మాత్రం "క్లచ్ మెల్లగా వదులు" అంటూ గురువు వేషం వేసేవాణ్ణి.

మెకానిక్ మా ఊరివాడే. ఒకప్పుడు మా ఆవిడ క్లాసులో వెనక బెంచీ. ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నా, ఆవిడ గుమ్మంలోకి వస్తే చేతిలో పానా వెనక్కి దాచుకుంటాడు. కారు కదలదు కాబట్టి సామాను తెచ్చుకుని మా ఇంటికే వచ్చాడు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, చాలాసేపు లోపలికి చూశాడు.

"ఫ్యూయల్ పంపు పుల్లీ పగిలిందండి సారూ. దీన్ని ఇక్కడ పెట్టినోడు మళ్లీ ఎవడో ఒకడు విప్పాల్సొస్తదని అనుకోలేదండి."

నిజమే. ఇంజిన్‌కీ పక్కరేకుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు. ఆ సందు అడుగున ఉంది పుల్లీ, బెల్టు తిరిగే పళ్ల చక్రం. ముందు చక్రం ఊడదీసి, ఇంజిన్ కింద చెక్కదిమ్మ పెట్టి జాకీతో ఎత్తి, గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చాడు. చెయ్యి దూరితే చూపు దూరదు, చూపు దూరితే చెయ్యి దూరదు. చివరికి మా ఆవిడ పౌడరు డబ్బా అద్దాన్ని పుల్లకి కట్టి, అందులో చూస్తూ పాత పుల్లీ విప్పాడు. దానికే సోమవారం గడిచిపోయింది. మధ్యమధ్య గుమ్మంలోంచి ఆవిడ గొంతు "ఏరా, అయ్యిందా?" అని వినిపించినప్పుడల్లా లోపల బోల్టు చేజారేది.

కొత్త పుల్లీ ఆ సాయంత్రమే విజయవాడ నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది. మంగళవారం కూడా మా ఆవిడ సెలవు పెట్టి, పొద్దున్నే తలస్నానం చేసి, పుల్లీని దేవుడి ముందు పెట్టి పసుపు రాసి తడి కుంకుమతో బొట్టు పెట్టింది. తర్వాత తుడిచి ఇచ్చింది. ఎంత తుడిచిందో చూడాలని నాకు తోచలేదు.

మెకానిక్ బిగిస్తూ నాకు పాఠం చెప్పాడు. పుల్లీ మీద కంపెనీవాళ్లు ఒక గుర్తు పెడతారట. ఆ గుర్తు ఇంజిన్ మీది గుర్తుకి ఎదురుగా రావాలట. తప్పితే డీజిల్ వేళ కాని వేళ పడి, ఇంజిన్ కొట్టుకుని, పిస్టన్ దాకా పోతుందట.

"ఈసారి కంపెనీవోళ్లు మంచి పని చేశారండి. గుర్తు ఎర్రగా పెట్టారు. అద్దంలో కూడా భలే కనపడతంది. బెల్టు ఎక్కిచ్చేసా. తాళం తిప్పండి సారూ" అన్నాడు కిందనుంచి.

నేను డ్రైవరు సీట్లో కూర్చుని తాళం మీద చెయ్యి వేశాను. అప్పుడు వెలిగింది నాకు, ఆ ఎరుపు ఏమిటో.

వెంటనే చెప్పానని రాసుకుంటే బాగుండేది. చెప్పలేదు. తిప్పితే టెస్టు లేదు, లైసెన్సు లేదు, ఆవిడ మళ్లీ స్టీరింగ్ ముట్టుకోదు, కారు బాగయ్యాక వత్సవాయికి యథాప్రకారం నేనే. తప్పు నాది కూడా కాదు, కుంకుమది.

"తిప్పండి సారూ!"

"ఒరేయ్, అది కంపెనీ గుర్తు కాదురా. మీ టీచరు పెట్టిన బొట్టు" అన్నాను.

వాడు గోనెపట్టా మీద పాకుతూ బయటికొచ్చాడు. ఈలోగా ఆవిడ కూడా వచ్చింది.

"టీచర్ గారూ, బొట్టు బండికి బయట పెట్టుకోవచ్చు గదండీ."

"కొత్త ఇనుముకి బొట్టు పెట్టకుండా ఎట్లా బిగిస్తార్రా? దసరాకి నువ్వు పానాలకి పెట్టవూ?"

"పెడతానండి. పళ్ల మధ్యన పెట్టనండి" అన్నాడు వాడు, చేతులు కట్టుకుని.

డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే అసలు గుర్తు బయటపడింది. గోటితో నొక్కినంత గాటు, బొట్టుకి ఐదు పళ్ల అవతల. ఎందుకైనా మంచిదని ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది. సాయంత్రానికి కారు కీచు లేకుండా స్టార్టయింది. సందులో గీరుకుపోయిన మెకానిక్ మోచేతికి ఆవిడే పసుపు రాసింది. అది మాత్రం వాడు కాదనలేదు.

బుధవారం నందిగామలో ఆవిడ రివర్సులో ఒక్క కర్రనూ ముట్టుకోలేదు. నేను కంచె అవతల నిలబడి, నాకు తెలియకుండానే గాల్లో స్టీరింగ్ తిప్పుతున్నానట. పక్కనున్నాయన చెప్పాడు. పాసయ్యానని వచ్చి చెప్పినప్పుడు ఆవిడ మొహం చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. ఆ సంతోషంలో కల్తీ ఏమన్నా ఉందేమోనని వెతుక్కున్నాను కూడా. లేదు.

తిరిగి వస్తుంటే ఆవిడే నడిపింది. హైవే ఎక్కాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది:

"నిన్న వాడు తాళం తిప్పమన్నాక మీరు చాలాసేపు ఊరికే కూచున్నారు. కిటికీలోంచి చూశా."

సర్దిచెప్పే మాటలు రెండు మూడు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"భయమేసింది. ఇంక నీకు నాతో పనేముంటుందా అని" అన్నాను.

ఆవిడ ఇండికేటరు వేసి, పత్తి బస్తాల ట్రాక్టరును నెమ్మదిగా దాటి, మళ్లీ తన వరసలోకి వచ్చింది.

"చెప్పారుగా. ఇంక వదిలెయ్యండి."

సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా మనసు తేలికపడింది. ఇంకేదో చెప్పబోయాను.

"ముందు ఆ కాలు తియ్యండి" అంది. చూసుకుంటే నా కుడికాలు నేలను గట్టిగా తొక్కిపట్టి ఉంది. "మీ వైపు బ్రేకు లేదు."