కమాన్ కింద మొదట నిలబడినవాడు

కొత్త కారు లోపలికి పట్టడం లేదని, బోధన్‌లో మా ఇంటి గేటు మీద వంపు తిరిగిన పాత ఇటుకల కమాన్‌ను ఈ రోజు పొద్దున పగలగొట్టించబోయాను. ఇద్దరు కూలీలు గంటసేపు పక్కల నుంచి సమ్మెటతో కొట్టినా సున్నం పెచ్చులే రాలాయి. చివరికి దాన్ని కట్టిన మేస్త్రీ జానీమియా చాచానే పిలుచుకొచ్చాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి.

"గట్ల పక్కల కొడితే పోదు బేటా. కమాన్ అంటే ఏందనుకున్నవ్? ఫార్సీల విల్లు. విల్లు వంచినట్టు ఇటుకల్ని వంచి కట్టినం. ఒకదాన్నొకటి వత్తుకుంట నిలవడ్డయి. నడిమి ఇటుక గుంజితే అన్నీ దిగుతయి," అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ మాట వాడుతూనే ఉన్నాను. అందులో విల్లు ఉందని మాత్రం తెలియదు.

నేను ఐదో తరగతిలో ఉండగా ఈ కమాన్ కడుతున్నప్పుడు కింద ఆసరాగా పెట్టిన చెక్కలు తీసిన రోజు ఇంకా గుర్తుంది. చెక్కలు తీశాక కట్టిన మేస్త్రీయే ముందుగా దాని కింద నిలబడాలని వాళ్ల రివాజు. చాచా అక్కడే నిలబడి తాపీగా చాయ్ తాగాడు. మా బాపు మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఈ రోజు కూడా చాచా కర్ర పట్టుకుని వెళ్లి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. పైకి చూసి, "ఇగ తియ్యుమను," అన్నాడు. అన్నాడే గానీ పక్కకు జరగలేదు.

కూలీలను పంపేశాను. కారు వీధిలోనే ఉంది, మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మీ ఇంటికీ కమాన్ ఉంటే, దాని కింద మొదట ఎవరు నిలబడ్డారో కనుక్కుని చెప్పండి.