రెండో చెయ్యి

పాత బట్టల దుకాణంలో ఆమెను అందరూ ఒంటికుట్టు అక్క అంటారు. ఆమె పని చిరిగిన బట్టలు బాగుచేయడం. వారానికోసారి మిషన్ మీద గుడ్డ కప్పేసి, బ్లౌజు అంచుకి దారం ఎక్కించిన సూది గుచ్చుకుని ఇక్కడికి వస్తుంది. ఆ రోజు కొత్త మూటలు విప్పుతారు.

మూట విప్పడమంటే కడుపు కోయడమే. దుకాణదారు కత్తితో పట్టీ తెంచగానే, నొక్కిపెట్టిన బట్టలన్నీ పేగుల్లా బయటికి జారతాయి. వాటి మీద మోచేతులు, మోకాళ్ళు, గోళ్ళు పడతాయి. పాతకాలపు టీషర్టుకైనా నిన్నటి దానికైనా ఇక్కడ ఒకటే ధర. పాతకాలపు దానికి బయట మోజుపడి పదింతలు ఇచ్చేవాళ్ళున్నారు, అందుకే మనుషులు ఒకరినొకరు తొక్కుకుంటారు.

టీషర్టు మీది బొమ్మ చూస్తూ నిలబడ్డవాడికి ఏమీ దక్కదు. పాతకాలపు టీషర్టుకి చేతి అంచు మడత మీద ఒకే వరస కుట్టు ఉంటుంది, తర్వాతి కాలం వాటికి రెండు. కుప్పలో చెయ్యి పెట్టి ఆ అంచు తడమాలి. రెండు వరసలు తగిలితే చూడకుండా వెనక్కి విసరాలి. ఇక్కడివాళ్ళకి ఈ విద్య నేర్పింది ఆమే.

ఆమె మాత్రం చాన్నాళ్ళుగా ఒక్క చొక్కా కోసమే వస్తోంది. అది నాన్నది. ఆయన బాక్సింగ్ మాస్టరు. బూడిదరంగు టీషర్టు, గుండె మీద బిగించిన పిడికిలి బొమ్మ. బొమ్మ వేసినవాడెవడో బొటనవేలిని పిడికిలి లోపల దాచేశాడు. "ఇలా కొడితే విరిగేది మన వేలేనే" అని నాన్న నవ్వేవాడు. ఒకరోజు ఆ చొక్కా ఒంటిమీద ఉండగానే అన్నని చితకబాదాడు. కిందపడుతూ అన్న పట్టుకున్న చేతి అంచు పర్రుమని ఊడొచ్చింది. తర్వాత నాన్న గడప మీద కూర్చుని, "కుట్టమ్మా" అన్నాడు. చొక్కా విప్పలేదు. ఒంటిమీదే కుట్టింది, చిన్నపిల్ల చేతికి వచ్చిన ఒకే వంకర వరస. కుట్టినంతసేపూ నాన్న చెయ్యి వణుకుతూనే ఉంది. నాన్న పోయాక ఆయన బట్టలన్నీ అన్న సంచుల్లో కుక్కి పాతబట్టల బండికి ఎత్తేశాడు. "ఆ పిడికిలి నా కంటబడకూడదు" అన్నాడు. ఆమెకి కావలసింది పిడికిలి కాదు, వణికిన ఆ చెయ్యి.

ఆ రోజు మూట విచ్చుకోగానే ఆమె వేళ్ళు కుప్పలోకి దూకాయి. ఒక అంచు తగిలింది. రెండు వరసలు. వెనక్కి విసిరేసింది. దాన్ని గాల్లోనే అందుకున్నాడు గద్ద. ఎవరు ఏది వదిలినా తన్నుకుపోతాడని అతనికా పేరు. అతని వేళ్ళకి చొక్కా రెండో చెయ్యి దొరికింది.

"ఒంటి కుట్టు," అన్నాడు సంబరంగా, చొక్కా పైకెత్తి.

బొటనవేలు దాచుకున్న పిడికిలి ఆమె మొహం మీదికి వచ్చింది.

"అది నాది. ఇటివ్వు."

"పారేసింది నువ్వే కదక్కా. నువ్వు చెప్పిన చదువే నాకు అన్నం పెడుతోంది."

అతను చొక్కాని చంకలో ఇరికించుకున్నాడు. ఆమె లాగింది. అతని మోచెయ్యి ఆమె నోటికి తగిలి, పెదవి పంటి కింద చిట్లింది. నోరంతా ఉప్పన. చిన్నప్పుడు నాన్న దగ్గర పిడికిలి నేర్చుకున్న ఒళ్ళు ఒక్కసారి లేచింది. అతని చేతి అంచు పట్టి గుంజి, బొటనవేలు బయట పెట్టి, ముక్కు మీద కొట్టింది. గుడ్డ చిరిగిన చప్పుడూ ఎముక చప్పుడూ కలిసిపోయాయి. అతను హ్యాంగర్ల కమ్మీ మీద పడ్డాడు, కొక్కెం ఒకటి కనుబొమ్మని చీల్చింది. ఆమె అతని రొమ్ము మీద మోకాలు వేసి మళ్ళీ కొట్టింది. అతను చొక్కా వదిలేశాడు. వదిలేశాక కూడా కొట్టింది.

"బట్టల మీద రక్తం పడనీయకండి, నేను ఉతకలేక చస్తాను," దుకాణదారు గొణుగుతూ ఆమెని రెక్క పట్టి లేపాడు.

గద్ద గోడకి చేరగిలబడి, తన చొక్కా చివర ముక్కుకి అదుముకున్నాడు.

"అంత బంగారమా అందులో?"

ఆమె బూడిదరంగు చొక్కా రెండు చేతులూ చూపించింది. ఒకదానికి మిషన్ వేసిన రెండు వరసలు. రెండోదానికి దారం వంకరలు పోయిన ఒక వరస.

"ఇది కంపెనీ కుట్టు కాదా?"

"నాదే. మా నాన్న చొక్కా."

అతను నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. "ఆ మాట ముందే అంటే చొక్కా నీ మొహాన కొట్టి పోయేవాణ్ణి కదక్కా. ఇంత చావు చావాలా?"

ఆమె చిట్లిన పెదవి తుడుచుకుంది.

"నువ్వన్నది నిజమేరా. దాన్ని పారేసింది నేనే. చేత్తో పట్టుకుని కూడా పోల్చుకోలేదు." చొక్కాని మడుస్తూ అంది: "ఆ కోపానికి నువ్వు అడ్డం దొరికావు."

అతను తన చొక్కా చేతి అంచు ఊడి మోచేతి మీద వేలాడుతుంటే దాన్నే చూస్తున్నాడు. ఆమె దగ్గరికి జరిగి బ్లౌజు అంచు నుంచి సూది తీసింది.

"విప్పనా?" అన్నాడు.

"వద్దు. చెయ్యి చాపు."

అతను భయంభయంగా చాపాడు. ఆమె అంచు మడిచి ఒంటిమీదే కుట్టడం మొదలుపెట్టింది. ఈసారి వణుకుతున్నది సూది పట్టిన చెయ్యి.